ఏ పని మధ్యలో ఆపారు?

ఆమె పోయిన కబురు నాకు మొదట చెప్పింది సత్తెమ్మ. పొద్దున క్యాంపస్‌లో నడకకు వెళ్లి, మాణికేశ్వర్ నగర్ వైపు గేటు దగ్గర వెనక్కి తిరగబోతుంటే చెయ్యి ఊపి ఆపింది. "డాక్టరమ్మ పోయింది సారూ. నిన్ననేనంట," అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ పక్కన బండ మీద కూర్చుండిపోయింది. సత్తెమ్మ మా విశ్వవిద్యాలయం హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది. కొన్నేళ్ల కింద గుండెపోటు వచ్చి ఆమె గుండె కండరంలో కొంత భాగం చచ్చుబడింది. మిగిలిన గుండెతో ఆమెను ఇన్నాళ్లూ నడిపించింది ఆ డాక్టరమ్మే. నేనూ ఆమె పక్కన బండ మీద కూర్చున్నాను.

పోయినవాళ్లు మెల్లమెల్లగా గుర్తుకొస్తారంటారు. ఈమె మాత్రం బతికున్నప్పుడు ఎలా వచ్చేదో అలాగే వచ్చింది. తలుపు తట్టకుండా, గడప దాటకముందే సగం మాట చెప్పేస్తూ. ఆమె గురించి దిగులుగా రాయడం నాకు చేతకాదు. ఆమెతో కలిసి పనిచేసిన కాలంలో ఉన్నంత హుషారుగా నేను నా ఉద్యోగంలో మరెప్పుడూ లేను.

నేను విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెబుతాను. మాండలికాలు నా పని. ఒక వానాకాలం మధ్యాహ్నం నా గది తలుపు భళ్లున తెరుచుకుంది. మంగళగిరి చీర, దాని కింద నీలం రంగు పరుగు బూట్లు, చేతిలో నీళ్లు కారుతున్న గొడుగు. ఆ గొడుగును నా పుస్తకాల బీరువా పిడికి తగిలించి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కాక నా పక్కకు వచ్చి కూర్చుంది. ఎవరితో మాట్లాడినా అలా పక్కకు చేరి కూర్చోవడం ఆమె అలవాటని నాకు తర్వాత తెలిసింది. రోగి మంచం మీద కూడా అంతే.

"మీరేనాండీ మాటల డాక్టరు?" అని అడిగింది. నేను జవాబిచ్చేలోపు తనే చెప్పుకుపోయింది. తను గుండె డాక్టరు. తార్నాకలోనే ఆసుపత్రి. ఒక పొరపాటు చేసి వచ్చింది. ఆ పొరపాటు సత్తెమ్మ.

సత్తెమ్మ ఒక రోజు ఆమె ఓపీకి వెళ్లింది. గ్యాస్ పట్టినట్టుంది, తేన్పులు వస్తున్నాయి, ఒంట్లో సత్తువ లేదు అని చెప్పుకుంది. బయట వరండా నిండా జనం. డాక్టరమ్మ ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగింది, ఛాతీలో నొప్పి ఉందా అని. లేదన్నది సత్తెమ్మ. చెయ్యి లాగుతోందా? లేదు. కడుపుమంటకు మాత్ర రాసి పంపేసింది. మర్నాడు సత్తెమ్మను ఇద్దరు మనుషులు పట్టుకుని తెచ్చారు. ఒళ్లంతా చెమట, ఊపిరి అందడం లేదు. గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోయి ఉంది. దాన్ని తెరిచి స్టెంటు వేశారు, మనిషి దక్కింది. కానీ అప్పటికే గుండెలో జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

వార్డులో కాస్త తేరుకున్నాక, నొప్పి లేదని ఎందుకు చెప్పావమ్మా అని అడిగితే సత్తెమ్మ అన్న మాటను డాక్టరమ్మ నాకు యథాతథంగా, ఆ యాసతో సహా చెప్పబోయింది. యాస కుదరక మళ్లీ మళ్లీ మొదలుపెట్టింది.

"నాకు నొప్పి లేకుండెనమ్మా. రొమ్ము మీద బండ పెట్టినట్టుండె. మీరు నొప్పి అడిగిన్రు, లేదన్న. బండ అడగకపోతిరి."

ఆ మాట చెప్పి నా వంక చూసింది. కళ్లలో నీళ్లున్నాయి, కానీ ముఖంలో ఏదో వెలుగు కూడా ఉంది. "నేను డాక్టర్నయిన దగ్గర్నుంచీ అందర్నీ ఒకే మాట అడుగుతున్నానండీ. ఎంతమంది లేదని చెప్పి ఇంటికెళ్లిపోయారో," అన్నది. ఆపైన బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచి, తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయి మాస్టారూ అని అడిగింది. నా దగ్గరకు పొమ్మన్నది కూడా సత్తెమ్మేనట. మా క్యాంపస్‌ల మాటలు చదివే సార్లు ఉన్నరు, వాళ్లకు చపాతీలు చేసేది నేనే అని చెప్పిందట.

నేను నిఘంటువు తీయబోయాను. ఆమె దాన్ని మూసేసింది.

"నిఘంటువుకి గుండెపోటు రాదు కదండీ. వచ్చినవాళ్ల దగ్గరికెళదాం పదండి."

అలా మొదలైంది. ఆ తర్వాత చాలా సాయంత్రాలు నేను పాఠం ముగించుకుని తార్నాక వెళ్లేవాణ్ణి. గుండెజబ్బు అని తేలి వార్డులో ఉన్న ఆడవాళ్లను, మగవాళ్లను ఆమె ఒక్కొక్కరినే అడిగేది. మొదట్లో మీకెలా అనిపించింది, ఇంట్లోవాళ్లకు ఏమని చెప్పారు. నేను పక్కన నిలబడి రాసుకునేవాణ్ణి. ముషీరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దామె సీనా మీద ఎవరో ఎక్కి కూసున్నట్టు అన్నది. ఒకామె కసకస అన్నది. ఇంకొకామె ఆయాసాన్ని దమ్ము అన్నది. గుబులు, ఎగపోత, గుంజుడు, పట్టేసినట్టు, గాబరా. కొత్త మాట దొరికినప్పుడల్లా డాక్టరమ్మ కళ్లు మూసుకుని, తన రొమ్ము మీద అరచెయ్యి వేసుకుని, ఆ మాటను పైకి అని చూసుకునేది. గాజుల దుకాణంలో గాజులు చేతికి వేసి సరిపోయాయో లేదో చూసుకుంటారే, అలా. సరిపోతే ముఖం విప్పారేది. "ఇది చూడండి మాస్టారూ, ఎంత బాగుందో," అనేది. ఆ మాట చెప్పిన పేషెంటు కూడా, తనేదో గొప్ప పని చేసినట్టు, దిండుకు ఆనుకుని కాస్త సర్దుకుని కూర్చునేది.

ఆమెది కృష్ణా జిల్లా. పెళ్లయి హైదరాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడింది. మాది సిద్దిపేట వైపు. ఒంట్లో బాగోలేదని ఆమె అంటే, పానం మంచిగ లేదని మేమంటాం. అది విన్నరోజు ఆమె హబ్సిగూడ టిఫిన్ సెంటర్‌లో ప్లేటు పట్టుకుని నిలబడి దోశ తినడం మర్చిపోయింది. ఇక్కడ ఒళ్లూ ప్రాణమూ ఒకటేనన్నమాట అని తనలో తనే అనుకుని, దోశ వేస్తున్నతన్ని పిలిచి, గుండె బాగోకపోతే మీరేమంటారండీ అని అడిగింది. అతను పెనం మీద నీళ్లు చల్లి, ఆలోచించి, దిల్ బేజారయితది మేడం అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లంతా నవ్వారు. ఆమె భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వింది. ఆమె నవ్వు ఎప్పుడూ అంతే, భుజాల్లోనే ఉండేది.

ఆమెతో బయటికి వెళ్లాలంటే నాకు సిగ్గుగా ఉండేది. మెట్రోలో పక్క సీటావిడను, ఆటో డ్రైవరును, పెళ్లిలో పెళ్లికొడుకు మేనత్తను కూడా అడిగేసేది. నేను క్లాసులో ఉన్నప్పుడు ఫోన్ చేసి, మాస్టారూ, సలుపుకీ పోటుకీ తేడా ఏవిటి, త్వరగా చెప్పండి, మనిషి ఎదురుగానే ఉంది అనేది. నా విద్యార్థులకు ఆ ఫోన్లు అలవాటైపోయి, నేను వరండాలోకి వెళ్లకముందే తమకు తోచిన జవాబులు చెప్పేవారు.

ఒక సంగతి చెప్పాలి. ఆమెకు ఈ మాటల మీద ఎంత మోజున్నా, పనిలోకి దిగేసరికి మోజును పక్కన పెట్టగలిగేది. దొరికిన మాటలన్నిటినీ ఏరి ఒక కార్డు తయారుచేసింది. ఛాతీలో నొప్పి ఉందా అనే ఒక్క ప్రశ్నకు బదులు బరువుగా ఉందా, మంటగా ఉందా, పట్టేసినట్టుందా, దమ్ము వస్తోందా అని వరసగా అడగాలి. ఈ కార్డుతో అడిగితే సత్తెమ్మలాంటివాళ్లు జారిపోరని ఆమె నమ్మకం. నిజంగా అంతేనా కాదా అన్నది ఆసుపత్రిలో పరీక్షించాలి. ఆమెను గణాంకశాస్త్రం చెప్పే మా నరహరి దగ్గరకు తీసుకెళ్లాను. నరహరి చిరునవ్వు కూడా లెక్క చూసుకుని నవ్వే మనిషి. కార్డంతా చదివి, మీకు నచ్చింది గని, అది నిజమో కాదో ఎట్ల తెలుసుకుంటరు మేడం అన్నాడు. ఇంకెవరైనా అయితే చిన్నబుచ్చుకునేవారు. ఆమె కుర్చీని అతని పక్కకు లాక్కుంది.

పరిశోధన పద్ధతిని ఇద్దరూ కలిసి రూపొందించారు. క్యాజువాలిటీకి ఒంట్లో ఏదో తేడాగా ఉందంటూ వచ్చేవాళ్లను పాత ప్రశ్నా అడగాలి, కార్డులోని ప్రశ్నలూ అడగాలి. ఒకరికి ఇది ముందు, ఇంకొకరికి అది ముందు. జవాబు ఏదైనా సరే అందరికీ ఈసీజీ తీయాలి, రక్తపరీక్ష చేయాలి. ప్రశ్న మీద పరీక్ష జరగాలి గాని మనిషి మీద కాదని ఆసుపత్రి నైతిక కమిటీ షరతు పెట్టింది. చివరికి గుండెజబ్బు ఉన్నదీ లేనిదీ తేల్చే డాక్టరుకు ఈ జవాబులేవీ తెలియకూడదు. కమిటీలో ఒకాయన, అందరికీ ఈసీజీ తీస్తే సరిపోతుంది కదా, ఈ మాటల గొడవెందుకు అన్నాడట. ఆ మిషను దాకా ఎవరిని పంపాలో తేల్చేది మాటే కదండీ అని ఆమె జవాబు. చిన్న ఊళ్లలో మిషను దూరంగా ఉంటుంది, నర్సు దగ్గరగా ఉంటుంది. ఈసీజీ మిషన్ను ఆమె "వాడు" అనేది. వాడేమన్నాడు అని అడిగేది. వాడికి మనలా మాటలు రావు, అందుకే వాడికంటే ముందు మనం మాట్లాడాలి అనేది.

నేను ఒకే ఒక్క కోరిక కోరాను. ఏ ప్రశ్నా అడగకముందు, మనిషి తనకు తానుగా ఏం చెప్పుకుంటారో ఒక్క నిమిషం, వాళ్ల అనుమతితో, రికార్డు చేయనివ్వమన్నాను. అది నా యాసల పని కోసం. వైద్యానికీ దానికీ సంబంధం లేదు. డాక్టరమ్మ వెంటనే ఒప్పుకుంది.

క్యాజువాలిటీలో ఆ ప్రశ్నలన్నీ అడిగింది సుజాత సిస్టర్. జనగామ పిల్ల, గొంతు నిదానం. ఆమె ముందు ఎంత గాబరాగా ఉన్న మనిషైనా నెమ్మదించేవారు. వానలు పోయి చలి వచ్చింది, చలి పోయి ఎండలు ముదిరాయి. చివరికి ఒక రోజు నరహరి ఫోన్ చేసి రమ్మన్నాడు.

ఇద్దరం అతని గదికి వెళ్లాం. డాక్టరమ్మ పరీక్ష ఫలితం కోసం వచ్చిన పిల్లలా కుర్చీ అంచున కూర్చుంది. నరహరి ఏదీ దాచలేదు. కార్డు పనిచేయలేదన్నాడు. గుండెజబ్బు ఉన్నవాళ్లు అవునన్నారు. లేనివాళ్లూ అవునన్నారు. బరువా అంటే అవును, మంటా అంటే అవును, దమ్మా అంటే అవును. అలా అందరికీ గుండెజబ్బే అంటే ఆ కార్డుకు అర్థం లేదు.

"అందరూ అవునన్నారా?" అన్నది ఆమె.

"మీరు అంత ప్రేమగ అడిగితే కాదని ఎవరంటరు మేడం," అన్నాడు నరహరి.

నెలల తరబడి పోగుచేసిన మాటలు, ఆమె ఒక్కొక్కటీ తన రొమ్ము మీద వేసి చూసుకున్న మాటలు. ఆమె తల వంచుకుంది. తర్వాత భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. ఎంత బాగా ఓడిపోయామండీ అన్నది. కొంచెం కొంచెంగా ఓడితే ఎక్కడ తప్పో తెలియదు, ఇలా పూర్తిగా ఓడితే దారి కనబడుతుంది అన్నది. ఆసుపత్రిలో ఒకరిద్దరు, ఈ ఫలితాన్ని పక్కనపెట్టి ఇంకేదైనా రాయమని సలహా ఇచ్చారు. ఆమె రాసిన పరిశోధన పత్రంలో మొదటి వాక్యమే మా కార్డు పనిచేయలేదని.

ఆ తర్వాత ఆమె నా రికార్డింగులు అడిగింది. ఓపీ అయ్యాక రోజూ నా గదికి వచ్చి, పక్కన కూర్చుని వినేది. నేను యాసలు వింటున్నాను. ఆమె ఏం వింటోందో ఆమెకే తెలియదు. ఊరికే వినాలనుంది అనేది. ఆమె తాగకుండా వదిలేసిన టీ కప్పులు నా బల్ల మీద వరసగా ఉండేవి. గుండెజబ్బు అని తేలిన ఆడవాళ్ల గొంతులు ముందు విన్నాం. ఒకామె, పొయ్యి మీద పప్పు పెట్టి గట్లనే ఇడిసిపెట్టి మంచమెక్కిన అంటోంది. ఇంకొకామె బట్టలు సగం ఉతికి బకెట్లోనే వదిలేశానంటోంది. అప్పటికి నాకేమీ అనిపించలేదు. ఆపైన ఒక ముసలావిడ గొంతు, మనవరాలికి రెండు జడలు వేద్దామని కూర్చోబెట్టి, ఒక జడే వేశానమ్మా, రెండో జడకి చేతులు లేవలేదు అన్నది.

డాక్టరమ్మ చెయ్యి గాల్లోకి లేచింది.

"ఆపండి. వెనక్కి పెట్టండి. ఆ పప్పావిడ దగ్గర్నుంచి."

మళ్లీ విన్నాం. మరికొందరివి విన్నాం. చపాతీ పిండి కలుపుతూ కలుపుతూ వదిలేసినామె. ముగ్గు సగంలో వదిలేసినామె. తర్వాత గుండెజబ్బు లేదని తేలినవాళ్ల రికార్డింగులు పెట్టించుకుంది. వాళ్లు మంట గురించి, తేన్పుల గురించి ఎంతసేపైనా చెప్పారు. వంట అంతా అయ్యాక ఒచ్చిన అన్నవాళ్లు వాళ్లలో చాలామంది.

"గ్యాస్ అయితే వీళ్లు వంట ఆపరండీ," అన్నది ఆమె. "జ్వరమొచ్చినా ఆపరు. నడుం పడిపోయినా ఆపరు. పొయ్యి మీద పప్పు వదిలేసి మంచమెక్కిందంటే, మాస్టారూ..." వాక్యం పూర్తి చేయలేదు. లేచి గదిలోంచి బయటకు వెళ్లిపోయింది. వరండా ఆ చివరి దాకా బూట్ల చప్పుడు వినబడింది, మళ్లీ ఈ చివరికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, మీ బండి ఉందాండీ అని అడిగింది.

నా పాత స్కూటర్ వెనక సీటు మీద ఆ గుండె డాక్టరు ఎక్కింది. క్యాంపస్ రోడ్డు, తార్నాక సిగ్నల్, మెట్రో స్తంభాల నీడ. దారంతా నా చెవిలో ఏదో చెబుతూనే ఉంది, గాలికి ఒక్క ముక్కా వినబడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం ఒక మాట అర్థమైంది. మాట వెతికానండీ, పని వెతకాల్సింది.

క్యాజువాలిటీలో సుజాత సిస్టర్ ఒక నడివయసామెతో మాట్లాడుతోంది. లాలాగూడ వైపు నుంచి కూతురు తీసుకొచ్చింది. గ్యాస్ అమ్మా, తేన్పులొస్తున్నాయి, ఇంజెక్షన్ ఇచ్చి పంపండి అంటోంది కూతురు. ఛాతీలో నొప్పి లేదు. ఈసీజీ తీశారు, అందులో తేడా ఏమీ లేదు. డాక్టరమ్మ వెళ్లి మంచం మీద ఆమె పక్కన కూర్చుంది.

"ఏ పని మధ్యలో ఆపేసి వచ్చారమ్మా?"

ఆమెకు మొదట అర్థం కాలేదు. కూతురు ఏదో చెప్పబోయింది. డాక్టరమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. కాసేపటికి ఆ పేషెంటు తనే మెల్లగా చెప్పింది.

"ఇడ్లీకి పప్పు రుబ్బుతున్న. సగమే నలిగింది. ఇగ నాతోటి కాలే. అట్లనే గ్రైండర్ల ఉన్నది, పులిసిపోతదేమో."

డాక్టరమ్మ ఆమెను ఇంటికి పంపనివ్వలేదు. కూతురు సణిగింది, డ్యూటీ డాక్టరు ఈసీజీ కాగితం మళ్లీ చూపించాడు. కాసేపాగి ఇంకోసారి తీద్దామని డాక్టరమ్మ అక్కడే స్టూలు వేసుకుని కూర్చుంది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆమె తప్పైతే, ఒక మామూలు కడుపుమంటకు ఇంత హడావిడి చేసినట్టవుతుంది. నిజమైతే, లోపల ఉన్న మనిషి ప్రాణం మీదికి వచ్చినట్టు. ఏది జరగాలని కోరుకోవాలో నాకు తెలియలేదు. రెండో ఈసీజీ మొదటిదానిలాగే ఉంది. రక్తపరీక్ష రావాల్సి ఉంది. సాయంత్రం ఎండ వాలుతుండగా మూడోసారి తీశారు. సుజాత సిస్టర్ కాగితం పట్టుకుని దాదాపు పరుగెత్తింది. అలల తీరు మారింది. స్ట్రెచర్ చక్రాల చప్పుడు, తలుపులు, లిఫ్టు. ఆ రోజు ఆ పేషెంటు గుండె నాళం పూర్తిగా మూసుకుపోకముందే తెరిచారు. కండరానికి నష్టం లేకుండా బయటపడింది. కూతురు బెంచీ మీద నా పక్కన కూర్చుని, ఆ రుబ్బిన పిండి ఏం చేయాలో ఫోన్లో ఎవరికో చెబుతూ ఏడ్చింది.

మర్నాడు డాక్టరమ్మ నరహరి గదికి వెళ్లి కొత్త ప్రశ్న మొదటిసారే తగిలిందని చెప్పింది. నరహరి అంతా విన్నాడు. మీ అందరికీ ముచ్చట అనిపిస్తది గని, ఒక్కరంటే నాకు ఎవ్వరూ లేనట్టే మేడం అన్నాడు. ఆ రికార్డింగుల్లో దొరికిన ప్రశ్నను ఆ రికార్డింగుల మీదే రుజువు చేయలేరు. కొత్త మనుషులు కావాలి. మళ్లీ మొదటినుంచి.

"మొదటినుంచా?" అన్నది ఆమె, ఎవరో పండగ ముందుగా వచ్చిందని చెప్పినట్టు.

రెండో పరిశోధన మొదలైంది. ఈసారి పాత ప్రశ్న, దాని పక్కన ఈ ఒక్క ప్రశ్న. ఏ పని మధ్యలో ఆపారు. సుజాత సిస్టరే అడిగింది, ఈసారి జవాబులు కూడా రికార్డు చేశాం. అది సగంలో ఉండగా డాక్టరమ్మకు క్యాన్సర్ అని తేలింది. ఆ సంగతి నాకు చెప్పడానికి ఆమె ఫోన్ చేసినప్పుడు కూడా, ముందు నీరసాన్ని తెలంగాణలో ఏమంటారని అడిగి, నా జవాబు విన్నాక, అయితే నాకు అదేనండీ అన్నది. ఓపీ మానేసింది. పరిశోధన పనిని చిన్న డాక్టర్లకు అప్పగించింది. మధ్యలో ఫలితాలు చూడనని తనకు తానే కట్టుబాటు పెట్టుకుంది. తొందరపడి చూస్తే తప్పు లెక్క అవుతుందని నరహరి చెప్పినందుకు. ఎప్పటికి పూర్తవుతుందని మాత్రం అడుగుతూ ఉండేది. నేను వెళ్లినప్పుడు పక్కన కూర్చునేది కాదు, పడుకుని ఉండేది. నేనే కుర్చీ లాక్కుని పక్కకు జరిగేవాణ్ణి.

పోయిన నెలలో లెక్క పూర్తయింది. నరహరి, సుజాత సిస్టర్, నేను కలిసి తార్నాకలో ఆమె ఇంటికి వెళ్లాం. మధ్యాహ్నం వేళ, కిటికీలోంచి మెట్రో వెళ్తున్న చప్పుడు. ఆమె బాగా సన్నబడింది. నరహరి తన కాగితాలు తీయబోయి, మళ్లీ సంచీలో పెట్టి, చూడకుండానే చెప్పాడు. ప్రశ్న పనిచేసింది మేడం. పాత ప్రశ్నకు చిక్కనివాళ్లు దీనికి చిక్కారు. ఆడవాళ్లలో స్పష్టంగా, మగవాళ్లలో కొంచెం. లేనిజబ్బు ఉందని చెప్పడం కూడా తక్కువే. ఇది ఒక్క ఆసుపత్రి సంగతి, వేరేచోట్ల చూడాలి, అయినా పనిచేసింది. నరహరి ఒక మంచి మాటను అన్ని వాక్యాలపాటు చెప్పడం నేను అంతకుముందు వినలేదు. సుజాత సిస్టర్ ఆమె చెయ్యి పట్టుకుంది. నేను గోడ వైపు చూశాను.

డాక్టరమ్మ కాసేపు కళ్లు మూసుకుని ఉంది. అలసిపోయి నిద్రపోయిందేమో అనుకున్నాం. తర్వాత కళ్లు తెరిచింది.

"ఎవర్ని వదిలేసిందండీ ఆ ప్రశ్న?"

నరహరి నా వైపు చూశాడు. గుండెజబ్బు ఉండి కూడా ఈ ప్రశ్నకు చిక్కనివాళ్లు కొందరున్నారు. ఇప్పుడు అదంతా ఎందుకు మేడం, విశ్రాంతి తీసుకోండి అని సుజాత సిస్టర్ అన్నది. డాక్టరమ్మ వినలేదు. వాళ్ల గొంతులు ఉన్నాయా మాస్టారూ అని నన్ను అడిగింది. ఉన్నాయి. నా ఫోనులో ఎక్కించుకునే వచ్చాను. ఆమె అడుగుతుందని నాకు లోపల తెలుసేమో. ఒకటి తీసి పెట్టాను. సుజాత సిస్టర్ ప్రశ్న వినబడింది, ఏ పని మధ్యలో ఆపారమ్మా అని. వెనక ఎక్కడో స్ట్రెచర్ చప్పుడు. తర్వాత ఒక ముసలి గొంతు.

"పనేం ఆపలే బిడ్డా. ఆపితే ఎవరు చేస్తరు? అన్నీ చేసుకునే వచ్చిన."

డాక్టరమ్మ మోచేతుల మీద బలం పెట్టి లేవబోయింది. సుజాత సిస్టర్ వెనక దిండు పెట్టింది. ఆ ఎండిపోయిన ముఖంలోకి, వార్డుల్లో నేను చూసిన ఆ రంగు తిరిగి వచ్చింది.

"మరి ఈవిణ్ణి ఏమడగాలి?" అన్నది. నరహరిని చూసింది, సిస్టర్‌ను చూసింది, నన్ను చూసింది. మేం ముగ్గురం కుర్చీలు దగ్గరికి లాక్కున్నాం. ఆమె నా ఫోను వైపు వేలు చూపించింది, మళ్లీ పెట్టమని.